కోల్ ఇండియా డివిడెండ్ పెన్షన్‌లా ఏటా వస్తుందా?

శ్రీకాకుళంలో ఈ మధ్యే రిటైరైన మాస్టారొకరు అడిగిన ప్రశ్న ఇది.

వస్తుంది మాస్టారూ, కానీ పెన్షన్‌లా కాదు. డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్ము. 2010లో షేరు 245 రూపాయల చొప్పున ఐపీఓకి (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రభుత్వ బొగ్గు కంపెనీ ఏటా ఎంతోకొంత ఇస్తూనే ఉంది. ఎంతన్నదే మన వంశధార లాంటిది. ఓ ఏడు పొంగుతుంది, ఓ ఏడు ఇసుక తేలుతుంది. 2013-14లో షేరుకు 29 రూపాయలు ఇచ్చింది. అప్పుడు దాదాపు 90 శాతం వాటా కేంద్రానిదే, అంటే సింహభాగం ఖజానాకే వెళ్లింది. అదే 2019-20లో 12కి పడిపోయింది. మళ్లీ కోలుకుని 2022-23లో 24.25 ఇచ్చింది.

2023-24 సంగతి చూడండి. వంద షేర్లున్నవాళ్ల పాస్‌బుక్కులో మూడు ఎంట్రీలు పడ్డాయి: 1,525, తర్వాత 525, చివరికి 500. మొత్తం 2,550. చివరిది వాటాదారుల సమావేశం అయ్యాకే, అంటే తర్వాతి ఆర్థిక సంవత్సరంలో వచ్చింది. అందుకే ఆర్థిక సంవత్సరం లెక్కా, మీ ఖాతాలో పడ్డ లెక్కా ఒకలా ఉండవు.

ఎక్కడైనా '290 శాతం డివిడెండ్' అని కనబడితే సంబరపడిపోకండి. ఆ శాతం షేరు మీద రాసి ఉండే 10 రూపాయల ముఖవిలువ మీద, మీరు కొన్న ధర మీద కాదు.

రికార్డు తేదీకి, అంటే డివిడెండ్ ఎవరెవరికివ్వాలో కంపెనీ లెక్క చూసే రోజుకి, షేర్లు మీ డీమ్యాట్‌లో (షేర్లు దాచుకునే ఎలక్ట్రానిక్ ఖాతాలో) ఉండాలి, కనీసం ముందురోజైనా కొనాలి. అయితే డివిడెండ్ కోసమే ముందురోజు కొనడం నాకైతే దండగ పని. మర్నాడు ధర ఇంచుమించు అంత మేరా దిగే మొదలవుతుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు మీద పన్ను కూడా మనదే.