అడ్వాన్సులో తుప్పు కోత

ప్రశ్న: పెదవాల్తేరులో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. అద్దె 14,000, అడ్వాన్సు 42,000. వచ్చే నెల ఖాళీ చేస్తామని చెప్పగానే ఓనరు గారు ఇల్లంతా తిరిగి చూశారు. కిటికీ గ్రిల్స్ తుప్పు పట్టాయని, బాత్రూం తలుపు కింద ఉబ్బిందని, రంగులు వెలిశాయని 30,000 పట్టుకుంటామంటున్నారు. ఇదేంటని అడిగినందుకు మోటారు గదికి తాళం వేసి, రోజుకు ఒక్కసారే నీళ్లు వదులుతున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు నీళ్ల సంగతి చూద్దాం. తుప్పు ఎక్కడికీ పోదు.

తగాదా ఏదైనా కానివ్వండి, నీళ్లో కరెంటో ఆపేసి అద్దెకున్నవాళ్లను దారికి తెచ్చుకునే హక్కు ఓనరుకు లేదు. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన అద్దె చట్టం కూడా ఇదే చెబుతోంది. తాళం ఫొటో తీసి, ‘ఫలానా తేదీ నుంచి మోటారు గది మూసేశారు, దయచేసి తీయండి’ అని ఈ రాత్రికే వాట్సాప్ చేయండి. కోపం వద్దు, తేదీ ముఖ్యం. మెట్ల మీద అనుకున్న మాటలకు సాక్ష్యం ఉండదు. అప్పటికీ తీయకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. అది 1987 నుంచి చట్టంలో ఉన్న మాటే.

ఇక తుప్పు. మాదీ మీలాగే సముద్రపు గాలి తగిలే చోటే, ఎంవీపీ కాలనీ. రెండేళ్ల కిందట తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టించి, పైన రెండు కోటింగులు వేయించిన బాల్కనీ గ్రిల్‌ని మొన్న గోటితో గీకితే పెచ్చు ఊడి చేతికొచ్చింది. ఆ ఇంటికి నేనే ఓనర్ని. ఎవరి అడ్వాన్సులో కోసుకోవాలి? తీసుకున్న ఇల్లు తీసుకున్నట్టు అప్పగించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను, మనిషి ఆపలేని విపత్తును అదే సెక్షన్ మినహాయించింది. 2014లో హుద్‌హుద్ తుపానుకి పగిలిన కిటికీ అద్దాలదీ ఇదే లెక్క.

తలుపు కొంచెం వేరు. లీకు ఉందని మీరు ముందే చెప్పి ఉంటే ఆ ఖర్చు మీ మీద వేయడం న్యాయం కాదు. చెప్పకుండా ఊరుకుని ఉంటే వడ్రంగిని పిలిచి లెక్క కట్టించి, ఆ ఒక్కదానికి సర్దుకోండి.

రంగులకు మాత్రం మీ ఒప్పందం తీసి చూడాలి. ‘ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు’ అని చాలా కాగితాల్లో టైపు చేసేస్తారు, మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. ఆ వాక్యం ఉంటే 14,000 వదులుకోవలసిందే. నోటీసు ఎన్ని రోజులో కూడా అందులోనే చూసుకోండి.

అడ్వాన్సులో చెల్లుకి చెల్లు అని అద్దె కట్టడం మానేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. అప్పుడు బాకీదారు మీరవుతారు.

తాళాలిచ్చే రోజు గోడలు, గ్రిల్స్, కరెంటు మీటరు రీడింగు ఫొటోలు తీసి, ‘ఇల్లు అప్పగించాను, ఇంత రావాలి’ అని రెండు కాపీలు రాసి సంతకం అడగండి. పెట్టనంటే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి. ఆ పోస్టు రసీదుకీ ఒక ఫొటో తీసుకోండి. దాని మీద అచ్చు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది.