పెళ్లి చెత్త సంగతి బేరంలోనే తేల్చుకో

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజి చదివాను. పెళ్లిలో ప్లాస్టిక్ లేకుండా, అన్నం పారబోయకుండా చేసుకోవాలని నీకుంది. మీ నాన్నేమో మగపెళ్లివారు ఏమనుకుంటారో అని జంకుతున్నాడు. మాఘమాసానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి అడగాల్సిన వేళకే అడిగావు. మనింట్లో ఏ పెళ్లయినా వంటశాల గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది నేనే కదా, చూసింది చూసినట్టు రాస్తాను.

పెళ్లిరోజు నువ్వు పీటల మీద ఉంటావు. ఆ రోజు ఎవరికి ఏం చెప్పినా ఎవరూ వినరు. కేటరింగాయనకి, డెకరేషన్ వాళ్లకి, హాలు మేనేజరుకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కాగితం మీద ఏది రాయిస్తే అది జరుగుతుంది. రాయించకపోతే వాళ్ల గోడౌనులో ఏముంటే అదే వస్తుంది. కాబట్టి నీ పట్టుదలంతా ఈ నెలలోనే చూపించు. ఇంకో సంగతి, మీ నాన్నతో పర్యావరణం అనకు. మర్యాద అను. వేడి తగిలి గోరువెచ్చగా ఉన్న చిన్న సీసా చేతిలో పెట్టడం మర్యాదా, కడిగిన స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు పోయడం మర్యాదా అని అడుగు. ఆయన దగ్గర జవాబు ఉండదు.

నీళ్ల దగ్గర మొదలుపెట్టు, ఎందుకంటే అన్నింటికన్నా సులువుగా తీరేది అదే. ఇప్పుడు ప్రతి హాల్లో ఆకు పక్కన 200 మిల్లీలీటర్ల సీసా పెడుతున్నారు. ఎనిమిది వందల మంది వస్తారనుకో, మనిషికి రెండు లెక్కన పదహారు వందల సీసాలు. చాలామంది రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. మూత తీసిన సీసా ఇంకొకరు ముట్టరు కదా, నీళ్లతో సహా చెత్తలోకే. దీనికి మందు ఏమీ కొత్తది కాదు. సప్లై సామాన్ల షాపులో స్టీలు గ్లాసులు, జగ్గులు అద్దెకిస్తారు. ఇరవై లీటర్ల టిన్నులు జనానికి కనబడేలా వరసగా పెట్టించు, సీలు అక్కడే తీయించు, అప్పుడు బోరు నీళ్లేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. గ్లాసులు కడగడానికీ నీళ్లు ఖర్చేగా అని మీ తమ్ముడు వాదిస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. కుళాయి వదిలేసి కడిగితే ఖర్చే. రెండు పెద్ద టబ్బులు పెట్టి, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు పోసి కడిగితే పెద్దగా కాదు. ఒక గ్లాసు ఆ పూటలో బంతి బంతికీ తిరుగుతుంది. ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి, వాళ్ల కూలి బేరంలోనే కలిపించు. ఇది మర్చిపోతే నాలుగో బంతికి గ్లాసులు చాలక అదే సీసాల పెట్టె మళ్లీ తెరుస్తారు.

కాగితం గ్లాసులు, కాగితం పళ్లేలు పెడతాం, అవి మంచివేగా అని కేటరింగాయన అంటాడు. ఆయన చేత ఒకటి తెప్పించి, అంచు చింపి, కాసేపు వేడినీళ్లలో నానబెట్టు. కాగితం మెత్తబడ్డాక గోటితో గీకితే లోపలి వైపు నుంచి పల్చటి పొర ఒకటి ఊడి వస్తుంది. అది ప్లాస్టిక్. అది లేకపోతే సాంబారు ఆగదు మరి. అరిటాకు బొమ్మ అచ్చేసిన బఫే ప్లేట్లూ చాలావరకు ఆ జాతే. విస్తరాకుల్లో కూడా ఈ మధ్య అడుగున పాలిథిన్ పొర వేసి మెషీన్ మీద నొక్కినవి వస్తున్నాయి. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఆకే. తిరగేసి చూడందే ఒప్పుకోకు.

మనది రాజమండ్రిలో పెళ్లి, రావులపాలెం అరటి మార్కెట్టు పెద్ద దూరమేమీ కాదు. అరిటాకే వేయించు. ముహూర్తాలు ఎక్కువున్న రోజుల్లో ధర ఎక్కుతుంది, ఈదురుగాలి వీస్తే ఆకులన్నీ చీలికలవుతాయి, అందుకని ముందే చెప్పి ఉంచాలి. కొస ఎడమచేతి వైపు ఉండాలని ఇప్పటి కుర్రాళ్లకి ఎవరూ నేర్పడం లేదు, వడ్డించేవాళ్లకి అదీ చెప్పు. హైదరాబాద్ రిసెప్షన్‌కి అరిటాకు కుదరదు, నిలబడి తింటారు. అక్కడ పోకమట్ట పళ్లేలైనా, అద్దె స్టీలు పళ్లేలైనా సరే. మన్యంలో గిరిజన ఆడవాళ్లు ఏరి, పుల్లలతో కుట్టే అడ్డాకు విస్తళ్లు దొరికితే విడిదిలో టిఫిన్లకు అవి వాడు. నాలుగు డబ్బులు వాళ్లకీ వెళ్తాయి.

ఇక అన్నం. అసలు బాధ ఇక్కడుంది. పెళ్లిలో పారబోసేదాంట్లో ప్లాస్టిక్ కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. డ్రమ్ముల కొద్దీ పోయే పప్పు, పులిహోర, బూరెలు ఎవరికీ పట్టవు. వాటి వెనక పంటకి పెట్టిన నీళ్లున్నాయి, ఎరువులున్నాయి, గ్యాసుంది. అవన్నీ పోయి డంపింగ్ యార్డులో గుట్టగా పడితే, గాలి ఆడని అడుగున కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. ఆ మంటలూ ఆ వాసనా భరించేది యార్డు పక్కన ఇల్లున్నవాళ్లు, భోజనానికొచ్చిన మనం కాదు.

కేటరింగాయన ప్లేటు లెక్కన మాట్లాడతాడు. ఎనిమిది వందలు గ్యారంటీ అనమంటాడు. అనకు. మన పెళ్లిళ్లలో వస్తాం, రాం అని చెప్పే అలవాటు లేదు, శుభలేఖ అందుకున్నవాళ్లలో ఎవరొస్తారో అమ్మవారికే తెలియాలి. అందుకని గ్యారంటీ తక్కువకి రాయించి, పైన వంద మందికి సరిపడా సరుకు సిద్ధంగా ఉంచమని షరతు పెట్టు. కూరలు, పప్పు ముందే వండి తీరాలి, వాటికి లెక్క తప్పదు. తెల్లన్నం అలా కాదు. అరగంటలో దిగిపోతుంది. రెండో గుండిగ పొయ్యెక్కేది బంతులు నిండుతున్నాయని చూశాకే. నూరు మందికి పది కిలోల బియ్యం అన్నది పాత వంటవాళ్ల లెక్క. బిర్యానీ, పులిహోర, పెరుగన్నం కూడా పెడితే అంత అక్కర్లేదు, కానీ మెనూ పెరిగినా బియ్యం లెక్క ఎవరూ తగ్గించరు, చూశావూ, అక్కడే మిగులుతుంది.

మెనూ సంగతికొస్తే, ముప్ఫై రకాలు పెడితే మనిషి కడుపు పెరగదు. ప్రతిదీ రుచి చూసి వదిలేస్తారంతే. స్వీట్లు రెండు చాలు. అవి కూడా చిన్న సైజులో చేయించు. ఒక పప్పు, రెండు కూరలు, ఒక వేపుడు, పులిహోర, పచ్చడి, సాంబారు, గడ్డపెరుగు. ఇవి బాగా కుదిరితే జనం ఏడాదిపాటు చెప్పుకుంటారు. పన్నీరు కూర కోసం మీ పిన్ని పట్టుబడుతుంది. ఒక్కటికి ఒప్పుకో, పెళ్లిలో అందరితోనూ గొడవ పెట్టుకోకూడదు. వడ్డనకి చిన్న గరిటె ఇప్పించి, మారు వడ్డన తప్పకుండా తిప్పించు. మొదటిసారి కొండలా వేసి మళ్లీ రాకపోవడం కంటే, కొద్దిగా వేసి రెండుసార్లు అడగడమే గౌరవం. బఫే పెట్టినా కౌంటరు దగ్గర వడ్డించే మనిషి ఉండాలి.

అయినా మిగులుతుంది. గిన్నెలో ఉన్నదాని సంగతి వేరు, ఆకులో మిగిలినదాని సంగతి వేరు. గిన్నెలోది మనుషులకు పంపొచ్చు. ఏ వృద్ధాశ్రమానికో హాస్టలుకో ముందు రోజే ఫోను చేసి, ఎంతమంది ఉన్నారు, ఎన్నింటికి తింటారు అని కనుక్కోవాలి. వేడి తగ్గకముందే వెళ్లిపోవాలి. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి లాంటివి పంపకండి, అవి ముందు పాడవుతాయి. మనది రాత్రి ముహూర్తం కాబట్టి ఇంకో చిక్కుంది: పదకొండింటికి మిగిలిన అన్నం ఎవరు తీసుకుంటారు? ఆశ్రమంలో అందరూ నిద్రపోతారు. కాబట్టి దానం చేద్దాంలే అన్న ధైర్యంతో రాత్రి వంట పెంచకూడదు. పొద్దుటి భోజనాల్లో ఎన్ని బంతులు లేచాయో చూసి రాత్రి లెక్క సవరించమను.

గోశాలకి తోలేద్దాం అని ఎవరో ఒకరు అంటారు, పుణ్యం కూడానూ అంటారు. అమ్మలూ, పెళ్లి అన్నం కుప్పగా పోస్తే పశువు చచ్చిపోతుంది. ఒక్కసారిగా అంత అన్నం తింటే దాని పొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగిపోయి, పడిపోతుంది. ఆకుల్లో టూత్‌పిక్కులు, ప్లాస్టిక్ ముక్కలు చేరితే మరీ ఘోరం. కూరగాయల తొక్కలు, వాడని అరిటాకులు పంపండి, అవి చాలు. ఎంగిలి ఆకులు ఎరువు గుంటకే పోవాలి. మన తోటలో గొయ్యి తీయించడానికి మీ పెదనాన్న ఒప్పుకున్నారు, ట్రాక్టరు కూడా మనదే.

ఆ గొయ్యి పనికి రావాలంటే హాల్లోనే వేరు చేయాలి. ఆకులు ఎత్తే చోట మూడు డ్రమ్ములు, పక్కన ఒక మనిషి. చేతి తొడుగులివ్వండి, ఆ మనిషికి ముందుగా భోజనం పెట్టండి. టిష్యూ కాగితం ఆకులో పారేయకుండా చూడడం ఒక్కటే కష్టం, దాన్ని నేను చూసుకుంటాను. ఇంటి దగ్గర పెళ్లికూతుర్ని చేసే రోజు షామియానా వేస్తున్నారుగా, దానికీ ఒక నియమం ఉంది. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం లైసెన్సు లేని చోట వంద మంది దాటి చేరే వేడుక పెడితే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకో పంచాయతీకో చెప్పాలి, చెత్త వేరు చేయించాల్సింది వేడుక చేసేవాళ్లే. మీ నాన్న ఈ మాట వింటే నవ్వుతాడు. నవ్వనీ, ఫోను మాత్రం చేయించు.

డెకరేషన్ వాళ్లతో థర్మోకోల్ మాట రానీయకు. 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మోకోల్ దేశమంతటా నిషేధం, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలూ అంతే. శుభలేఖల చుట్టూ, స్వీటు పెట్టెల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ కూడా ఆ జాబితాలోదే. అడిగితే తెలియదంటారు, అందుకని కాగితం మీద రాయించు. పూలకి కడియపులంక పక్కనే ఉంది, బంతి, చామంతి, లిల్లీ, మామిడాకులు, కొబ్బరాకులు చాలు. పూలు గుచ్చడానికి పచ్చ ఇటుకలాంటి స్పాంజి తెస్తారు, అది పొడిపొడి అవుతుందే గాని మట్టిలో కలవదు. దండలుగా కట్టించు. అద్దెకి తెచ్చి తిరిగి తీసుకెళ్లే గుడ్డపూల తెర పెడతానంటే నేనైతే కాదనను.

నన్నడిగితే అన్నింటికన్నా ముందు ఆపాల్సింది తలంబ్రాల పళ్లెంలో కలిపే రంగురంగుల థర్మోకోల్ పూసలు. భద్రాద్రి రాముడికి ముత్యాలు కలిపారని మనం ఇవి కలుపుతున్నామా? ఫ్యాను గాలికి లేస్తాయి, పురోహితుడి కళ్లల్లో పడతాయి, చీపురుకి అందవు, హాలు కడిగిన నీళ్లతో కాలవలోకి పోతాయి. పసుపు, నెయ్యి రాసిన బియ్యం చాలు.

రిటర్న్ గిఫ్టుకి మొక్కలిద్దామన్నావు. వద్దు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు కారు డిక్కీలో మర్చిపోతారు. ఇంటింటా తిరిగి మళ్లీ మనింటికే వచ్చే రవికముక్క కూడా వద్దు. మంగళగిరి తువ్వాలు ఇవ్వు, ఒళ్లు తుడుచుకుంటారు. డ్రోను, డీజే, స్టేజీ మీద పొగ, ఇవి అబ్బాయి స్నేహితుల సరదాలు. నేను వాటి జోలికి పోను, నువ్వూ పోకు. విడిది నుంచి హాలుకి కార్లు బారులు తీరకుండా రెండు బస్సులు మాట్లాడితే మాత్రం అందరికీ సుఖం.

కేటరింగాయన రాసిచ్చిన మెనూ ఫోటో తీసి ఆదివారంలోగా పంపు, ఎర్ర పెన్నుతో కొట్టేసి పంపిస్తాను. అడ్వాన్సు అప్పటిదాకా ఇవ్వొద్దని మీ నాన్నకి చెప్పు. తలంబ్రాల మాట మీ అత్తగారితో నువ్వెత్తకు, పసుపు దంచడానికి వెళ్లినప్పుడు నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ