పాత గ్రాఫిక్స్ కార్డుతో కుస్తీ పట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను నువ్వే బాగుచేసుకుని వాడుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరి చేతిలోనో పెట్టి ఊరుకోకుండా నువ్వే పూనుకున్నందుకు చాలా గర్వంగా ఉంది. కానీ తెర మీద గీతలు వస్తున్నాయనీ, గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను మార్చేస్తే పోతాయనీ నువ్వు అప్పుడే తేల్చేశావని విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు, అందులో ఉన్న ఫోటోలూ పత్రాలూ మరో డిస్కులోకి కాపీ చేసుకుని, అవి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకో. అది అయ్యేదాకా ఇంకే పనీ మొదలుపెట్టవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. ఒకప్పుడు ఆఫీసులో నా పక్కన పనిచేసిన ఒకాయనకు ఇంట్లో కంప్యూటర్ తెర మీద ఇలాగే నిలువు గీతలు రావడం మొదలైంది. ఆయన తెలివైనవారు, ఓపిక గలవారు, కానీ తప్పు డ్రైవర్‌దేనని మొదటి రోజే నిశ్చయించుకున్నారు. కొత్త డ్రైవర్ వేశారు, గీతలు పోలేదు. పాతది వెతికి వేశారు, అప్పుడూ పోలేదు. డ్రైవర్లన్నింటినీ తనంతట తానే సరిచేస్తుందని చెప్పే ఒక ఉచిత ప్రోగ్రామ్‌ను తెచ్చి నడిపితే, అది గ్రాఫిక్స్ సంగతి తేల్చకపోగా అంతవరకూ చక్కగా పనిచేస్తున్న సౌండ్ డ్రైవర్‌ను కూడా మార్చి పెట్టింది. చివరికి విసిగిపోయి డిస్కును ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశారు. కాలం చేసిన వాళ్లమ్మగారి ఫోటోలు ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవన్న సంగతి ఆయనకు ఫార్మాట్ అయిపోయాక గుర్తొచ్చింది. గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత నన్ను పిలిస్తే వెళ్లి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయించాను. విండోస్ రాకముందు కనిపించే ఆ మొదటి నల్లని తెర మీదే, తెల్లని అక్షరాల నడుమ ఆకుపచ్చ చుక్కలు వరుసలుగా దిగుతూ కనిపించాయి. ఆ క్షణానికి విండోస్ డ్రైవర్ అనేదే ఇంకా మెమరీలోకి ఎక్కదు. అంటే దోషం గ్రాఫిక్స్ కార్డులోనే ఉంది. ఎన్ని డ్రైవర్లు మార్చినా లాభం లేదని ఆ తెర మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది, చూసిన వాళ్లు లేరు. వేరే కార్డు పెడితే గీతలు పోయాయి. ఫోటోలు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి నువ్వు చూడవలసిన వరుస ఇది. మొదట మానిటర్ కేబుల్ పీకి, "నో సిగ్నల్" అన్న మాట వచ్చినప్పుడు దాని మీద కూడా గీతలుంటే మానిటర్‌దే దోషం. అక్కడ శుభ్రంగా ఉంటే ఇంకో కేబుల్ పెట్టి చూడు. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి కాసేపు ఆ తెరనే గమనించు. అక్కడ గీతలుంటే డ్రైవర్ జోలికే పోవద్దు. బయోస్‌లోనూ, అతి తక్కువ డ్రైవర్లతో విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోనూ బాగుండి, మామూలు విండోస్‌లోకి రాగానే చెడితే అప్పుడు డ్రైవర్‌ను అనుమానించు. అయితే సేఫ్ మోడ్‌లో కార్డు మీద దాదాపు పని పడదు కనుక, అక్కడ బాగున్నంత మాత్రాన కార్డు పూర్తిగా క్షేమమని అనుకోకూడదు.

డ్రైవరే అని తేలితే అన్నిటికంటే కొత్తది వెతకవద్దు. నీ కార్డు కోసం తయారైన చివరిది వెతుకు. పెట్టె మీది పేరును నమ్మవద్దు, ఎందుకంటే జీఫోర్స్ జీటీ 630 అన్న ఒకే పేరుతో ఎన్విడియా పాత తరమైన ఫెర్మీ చిప్పులూ వచ్చాయి, దాని తర్వాతి తరమైన కెప్లర్ చిప్పులూ వచ్చాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడు. వీఈఎన్ పక్కన 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్. దాని తర్వాత డీఈవీ పక్కనున్న నాలుగు అక్షరాలే అసలు చిప్పు ఏదో చెబుతాయి. ఫెర్మీ అయితే ఎన్విడియా 390 శాఖ, అంటే ఆ నంబరు డ్రైవర్ల వరుస, దగ్గరే ఆగిపోయింది; 32 బిట్ విండోస్‌కు డ్రైవర్లు కూడా ఆ శాఖతోనే ఆగాయి. కెప్లర్ అయితే 470 శాఖ దాకా వెళ్లవచ్చు. ఏఎండీ జీసీఎన్ అనే చిప్పు డిజైన్‌తో వచ్చిన తన మొదటి కార్డులను 2021లో పాతవాటి జాబితాలో చేర్చింది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే కంగారు పడకు. సరైన డ్రైవర్ లేదని దాని అర్థం, కార్డు పోయిందని కాదు.

డ్రైవర్‌ను కార్డు తయారుచేసిన కంపెనీ సైటు నుంచే ముందుగా దించి పెట్టుకో. తేడా వస్తే వెనక్కి వెళ్లేందుకు విండోస్‌లో ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, ఆ తర్వాత ఇంటర్నెట్ తీసెయ్యి. లేకపోతే పాతది తీసిన మరుక్షణమే విండోస్ అప్‌డేట్ తనకు తోచినది తెచ్చి వేస్తుంది. సేఫ్ మోడ్‌లో ముందే దించుకున్న డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను ఆనవాళ్లతో సహా తుడిచి, మామూలుగా రీస్టార్ట్ చేసి కొత్తది వెయ్యి.

డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగిపోయి మళ్లీ కోలుకుందన్న సందేశం వస్తే, కార్డు 2 సెకన్ల పాటు జవాబు ఇవ్వకపోవడంతో విండోస్ దాన్ని రీసెట్ చేసిందని అర్థం. విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఆ గడువు పెంచితే చాలని చాలామంది చెబుతారు. దయచేసి ఆ పని చేయకు తల్లీ. కార్డు ఎందుకు జవాబు ఇవ్వడం లేదో తెలుసుకోవాలి గానీ, ఎదురుచూసే సమయం పెంచితే రోగం దాగుతుంది తప్ప తగ్గదు. పాత యంత్రాల్లో నేను ఎక్కువగా చూసినవి వేడి, చాలీచాలని కరెంటు. మదర్‌బోర్డు మీది స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు; ఆరు పిన్నుల వైరు ఉంటే మరో 75. ఆ వైరు వదులుగా ఉన్నా, పవర్ సప్లై ముసలిదైపోయినా, ఆట మొదలుపెట్టగానే తెర నల్లబడుతుంది. కార్డు ఫ్యాన్ తిరుగుతోందో లేదో, చిప్పు వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము గడ్డకట్టిందో లేదో టార్చి వేసి చూడు.

పెట్టె విప్పేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకి, కేసు లోపలి రంగులేని లోహాన్ని తాకి, అప్పుడే కార్డు ముట్టుకో. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఈ ఒక్క మాట వింటానని మీ అమ్మకు మాటివ్వు, నాకు నిద్ర పడుతుంది.

ఇన్నీ చేశాక కూడా కార్డు మొరాయిస్తే అది నీ చేతకానితనం కాదు. మదర్‌బోర్డు మీదే డిస్‌ప్లే పోర్టు ఉంటే, కార్డు తీసేసి దానికి కేబుల్ పెట్టి చూడు. రాతకోతలకూ పాఠాలకూ అది చాలు. కాపీ పని పూర్తయ్యాక బయోస్ తెర ఫోటో, హార్డ్‌వేర్ ఐడీ వరుస నాకు పంపు. ఏ డ్రైవర్ వెయ్యాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య