ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ మార్చేముందు లోడ్ మీద (అంటే కరెంటు పారుతుండగా) వోల్టేజ్ చూశారా?

మీరు రాసిందాన్ని బట్టి నాకర్థమైంది ఇదండి. మీది స్ప్రింగుల బదులు గాలి బ్యాగుల మీద నిలబడే ఎయిర్ సస్పెన్షన్ బండి, ఆ బ్యాగుల్లోకి గాలి కొట్టేది కంప్రెసర్. వానలు తగ్గాక డాష్‌బోర్డులో సస్పెన్షన్ వార్నింగ్ వచ్చింది, బండి ముందు వైపు కుంగిపోయి లేవట్లేదు, కంప్రెసర్ సౌండ్ లేదు, ఫ్యూజ్ బానే ఉంది, కప్లర్ (కంప్రెసర్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు) పీకి మీటర్ పెడితే 12 వోల్టులు వస్తోంది కాబట్టి కంప్రెసరే పోయింది అంటున్నారు వర్క్‌షాప్ వాళ్లు. అప్పుడే డబ్బులు కట్టెయ్యకండి.

ఆ 12ని నమ్మడానికి లేదు. కప్లర్ పీకేశాక అక్కడ లోడేముంది? కరెంటు పారట్లేదు కాబట్టి వైరులో ఒక్క పోగు మిగిలున్నా మీటరు నిండుగా 12 చూపించేస్తుంది. అదే కంప్రెసర్ తిరిగేటప్పుడు 20, 30 ఆంపియర్ల దాకా లాగుద్ది, ఆ ఒక్క పోగు మీంచి అంత కరెంటు ఎక్కడెళ్తది. అందుకే కప్లర్ పెట్టే ఉంచి, వెనకాల నుంచి సన్నటి పిన్ను గుచ్చి, కంప్రెసర్‌కి సప్లై ఇప్పించి అప్పుడు చూడాలి.

నాకూ ఇదే అయింది. నాది సెకండ్ హ్యాండులో కొన్న ఎస్‌యూవీ, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) మీద తరచూ వెళ్తుంటాను, రేవులో పంటు ఎక్కించేటప్పుడు బంపర్ తగలకుండా హైట్ పెంచుకోవడం అలవాటు. ఓసారి బటన్ నొక్కితే ముక్కుతున్నట్టు చిన్న సౌండొచ్చి ఆగిపోయింది, బండి లేవలేదు, పసుప్పచ్చ లైటు వెలిగింది. సిటీలో పెద్ద వర్క్‌షాప్‌లో చూపిస్తే కంప్రెసరూ, దాన్ని నడిపించే కంట్రోల్ మాడ్యూలూ రెండూ మార్చాలన్నారు, వాళ్లు చెప్పిన రేటుకి ఇంకో పాత కారొచ్చేస్తది. పాలకొల్లులో తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన "సామాను తర్వాత కొందురు గానీ ముందు కొలవనియ్యండి ఆయ్" అని మీటర్ తీశాడు.

ఆయన చేసింది ఇంతే. కంప్రెసర్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద 12.1, కంప్రెసర్ రెండు పిన్నుల మధ్య 8.3. మరి మిగతాది ఎక్కడ పోయినట్టు? ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది కంప్రెసర్ ప్లస్ పిన్ను మీద పెడితే 0.3 వచ్చింది, అంటే ఫ్యూజు, రిలే (కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్చు), ప్లస్ వైరు అన్నీ బానే ఉన్నట్టు. అదే బ్యాటరీ మైనస్ నుంచి కంప్రెసర్ మైనస్ పిన్నుకి పెడితే 3.5! ఎర్త్ వైపు (మైనస్ వైరు బండి బాడీకి బిగించే వైపు) లోడ్ మీద అర వోల్టు దాటిందంటేనే అనుమానించాలి. చక్రం పైన లోపలుండే ప్లాస్టిక్ కవరు విప్పితే బురద, ఆ వెనక ఎర్త్ బోల్టు, లగ్గు (వైరు చివరుండే రింగు) నిండా పచ్చటి చిలుం, వైరుని వేళ్లతో నలిపితే రాగి పోగులు పొడిపొడిగా రాలిపోయినయ్. అక్కడి దాకా కోసేసి కొత్త లగ్గు వేసి, బాడీ మెటల్ తెల్లగా వచ్చేదాకా ఎమరీ పేపర్ కొట్టి, బోల్టు బిగించి పైన గ్రీజు పూశాడు. బండి లేచింది. మనవైపు ఇది మామూలేనండి, సముద్రం గాలి ఒకటి, రొయ్యల బళ్ల నుంచి రోడ్డంతా కారే ఐసు నీళ్లొకటి, ఆ తడి అంతా చక్రాలు ఎగజిమ్మేది అక్కడికే.

మీ బండిలో కంప్రెసర్ అసలు ఆన్ అవట్లేదంటున్నారు కాబట్టి, ఫాల్ట్ పడ్డాక మాడ్యూలే రిలేని ఆపేస్తుండొచ్చు. అప్పుడు రిలే పీకి, సాకెట్‌లో 30, 87 పిన్నుల్ని (కంప్రెసర్‌కి కరెంటు వెళ్లే దారి అదే) ఫ్యూజున్న లావుపాటి వైరుతో కొన్ని సెకన్లు మాత్రం కలపండి (వదిలేసి టీకెళ్లకండి, అలా కలిపినప్పుడు దాన్ని ఆపేవాడు ఎవడూ ఉండడు). బాగా తిరిగితే కంప్రెసర్ మంచిదే, రిలే సంగతి, దాన్ని ఆన్ చేసే 85, 86 పిన్నులకి సప్లై వస్తోందో లేదో చూడాలి. తిరక్కుండా కప్లర్ పెట్టున్నప్పుడు కూడా పిన్నుల మధ్య నిండా 12 నిలబడితే మాత్రం వర్క్‌షాప్ వాళ్ల మాటే రైటు, మోటారు లోపల బ్రష్షులు పోయుంటాయి. కప్లర్ పెట్టగానే ఆ 12 కాస్తా రెండుకో మూడుకో పడిపోతే ముందు వైరింగే చూడండి. మోటారు జామై పట్టేసినా అలాగే పడిపోవచ్చు, కాకపోతే అప్పుడు చాలావరకు ఫ్యూజు కొట్టేస్తది, మీది బానే ఉందన్నారుగా.

స్కానర్ గురించి ఒక ముక్క. చవగ్గా దొరికే బ్లూటూత్ ఓబీడీ ముక్కలు (బండి సాకెట్‌కి గుచ్చి ఫోన్‌లో ఫాల్ట్ కోడ్లు చూసేవి) చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, సస్పెన్షన్‌వి సీ అక్షరంతో మొదలయ్యే ఛాసిస్ కోడ్లు, వాటికి అన్ని మాడ్యూళ్లూ చదివే స్కానర్ కావాలి. బండి ఎత్తు కొలిచే హైట్ సెన్సర్ కోడ్ వస్తే వెంటనే కొత్తది ఆర్డరు పెట్టెయ్యకుండా దాని చిన్న లింకు రాడ్ ఊడిందేమో చూడండి, చాలా బళ్లల్లో మూడు వైర్లుంటాయి, 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్, ఆర్మ్ మెల్లగా కదిపితే సిగ్నల్ కూడా మెల్లగా మారాలి, మధ్యలో గెంతితే సెన్సర్ పోయినట్టే.

అన్నట్టు రాత్రి పెట్టిన బండి పొద్దున్నకి కుంగుతోందా? అదైతే లీకు కూడా ఉన్నట్టే, ఎయిర్ బ్యాగులకీ పైపు జాయింట్లకీ సబ్బు నీళ్లు కొట్టి చూడండి, లీకుంటే కొత్త కంప్రెసర్ కూడా ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోద్ది. కంప్రెసర్ మార్చాల్సే వస్తే రిలే కూడా మార్చండి, పాతది అతుక్కుపోయే రకమైతే కొత్తదాన్ని కూడా తినేస్తది. ఇక ఏది చూడాలన్నా ముందు మెనూలో జాక్ మోడ్ (సస్పెన్షన్ తనంతట తాను లేవకుండా, దిగకుండా ఆపేది) పెట్టి, స్టాండ్లు వేసి మరీ కిందకి దూరండి, జాకీ ఒక్కదాని మీద వద్దు.