నీళ్లు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మాది 2004 మారుతీ 800. వారానికి అర లీటరు నీళ్లు పోయాల్సి వస్తోంది. బండి కింద మాత్రం చుక్క కనిపించదు. పోయిన నెల ఎస్.కోట మీదుగా అరకు వెళ్తుంటే ఘాట్ మధ్యలో టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దాకా పోయింది. రేడియేటర్లో రెండు చెంచాల పసుపు వేస్తే లీకు ఆగుతుందని మా బావగారు అంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వేయకండి. పసుపు పనిచేయదని కాదు. పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. నానిన పొడి కంతలో ఇరుక్కుని మూస్తుంది గానీ, రేడియేటర్ గొట్టాలూ హీటర్ గొట్టాలూ కూడా సన్నవే. ఏది కంతో, ఏది దారో పసుపుకేం తెలుసు? అడవి దారిలో బండి ఆగి, ఎలాగోలా ఊరు చేరాలంటే అది ఆఖరి ఉపాయం. ఇంటి దగ్గర నిలబెట్టి చూసుకోగలిగినప్పుడు దాని అవసరం లేదు. అంగట్లో దొరికే లీక్ స్టాప్ సీసాలకూ ఇదే మాట.

చుక్క కనిపించకపోవడానికి ఎక్కువసార్లు ఒకటే కారణం. ఇంజన్ వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగాకే నీరు కారుతుంది, కారిన నీరు ఆ వేడికే ఆవిరవుతుంది. ఆ చోట తెల్లగానో పచ్చగానో పొర పేరుకుంటుంది. పొద్దున్నే చల్లని ఇంజన్ మీద, టార్చి వెలుగులో ఆ పొర కోసం వెతకండి: పై హోస్ పైపు రెండు కొనలు, కింది పైపు, హీటరుకు వెళ్లే పైపులు, రేడియేటర్ అల్యూమినియం భాగం ప్లాస్టిక్ ట్యాంకుతో కలిసే అంచు.

కనిపించకపోతే, టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి ఒక్కో పైపు అతుకు చుట్టూ చుట్టండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ తగిలే చోట వద్దు. బండిని పావుగంట నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగండి. ఇంజన్ ఆపాక నీరు తిరగదు కాబట్టి లోపలి వేడి కాసేపు పెరుగుతుంది. ఆ పది నిమిషాల్లోనే లీకు బయటపడుతుంది. ఏ కాగితం తడిసిందో అక్కడే మీ అర లీటరు.

అది పైపు కొన అయితే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడిమీద తీస్తే మరిగే నీరు మొహాన చిమ్ముతుంది. కింద టబ్బు పెట్టి నీరు దించండి. పైపును నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బినా, గట్టిపడి కరకరమన్నా కొత్తది కొనాల్సిందే. కొన మాత్రమే చిట్లి, మిగతాది బాగుండి, పొడవు చాలితే అంగుళం కోసేసి మళ్లీ ఎక్కించవచ్చు. లోహపు గొట్టం మూతి మీది పొరను సన్న ఎమరీ కాగితంతో తీసేయండి. చాలామంది ఇది వదిలేస్తారు, కొత్త క్లిప్పు వేసినా కారేది అందుకే. గ్రీజు రాయకండి, కాస్త కూలెంటుతో (రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) తడిపితే పైపు జారుతుంది. గొట్టం మూతి దగ్గర ఉబ్బెత్తు అంచు ఉంటుంది. క్లిప్పు ఆ అంచు దాటి వెనకాల కూర్చోవాలి, అంచు మీద కాదు. రబ్బరు క్లిప్పు సందుల్లోంచి ఉబికేదాకా బిగిస్తే పైపు తెగుతుంది. భీమిలి, కళింగపట్నం లాంటి సముద్రపు గాలి చోట్ల క్లిప్పులు తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి.

ప్లాస్టిక్ ట్యాంకు అంచు దగ్గర కారితే ఎంసీల్ నిలవదు. వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, ముద్ద సాగదు. రేడియేటర్ మార్చడమే దారి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే మాటు వేయించవచ్చు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి ఉంటే లోపలి సీలు పోయినట్టే. ఆ రంధ్రాన్ని మూయకండి, లీకును చూపించడానికే దాన్ని పెట్టారు. పంపు మార్చడానికి చాలా మోడళ్లలో టైమింగ్ బెల్టు విప్పాలి, అది మెకానిక్‌కు వదలండి.

ఇక ఘాట్ సంగతి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ తెరిచిన గిన్నెలో నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్‌ను కాపాడేది మూత. లోపల ఒత్తిడి నిలిపితే నీరు ఆలస్యంగా మరుగుతుంది. 0.9 బార్ ఒత్తిడిని ఆపే మూత సరిగ్గా పట్టి ఉంటే మామూలు నీళ్లు కూడా సుమారు 117 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు ఎండి పగిలిందేమో చూడండి. మార్చేటప్పుడు పాతదాని మీదున్న అంకె ఉన్నదే అడగండి.

నింపేటప్పుడు కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు వద్దు, గార పడుతుంది. మూత తీసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి మెల్లగా పోయండి. ఇంజన్ ఆన్ చేసి, పై పైపును పిండుతూ బుడగలు పోనివ్వండి. పై పైపు వేడెక్కి మట్టం దిగితే మళ్లీ నింపి మూత పెట్టండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూసుకోండి.

ఇవన్నీ చేసినా నీరు తగ్గుతుంటే డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మజ్జిగలా ఉన్నా, స్టార్ట్ చేయగానే రేడియేటర్లో ఆగకుండా బుడగలొచ్చినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. అలాంటి బండి నడపకండి.

ప్రశ్న: డ్రైవరు పక్క సీటు ముందు మ్యాట్ తడుస్తోంది, అద్దం లోపల జిడ్డు పొర పడుతోంది. ఏసీ నీళ్లేనా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: తడిని వేలితో ముట్టి వాసన చూడండి, రుచి మాత్రం చూడకండి. వాసన లేని పల్చటి నీరైతే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. తియ్యటి వాసన, జిగురు ఉంటే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనకాల ఉండే చిన్న రేడియేటర్ లాంటిది) కారుతోంది. అద్దం మీద జిడ్డు అంటున్నారు కాబట్టి రెండోదే అనిపిస్తోంది. డ్యాష్‌బోర్డు విప్పే దాకా, ఇంజన్ గదిలో హీటరుకు వెళ్లే రెండు పైపులనూ చిన్న పైపు ముక్కతో నేరుగా కలిపితే సరిపోతుంది. శ్రీకాకుళం వాతావరణానికి హీటర్ లేకపోయినా నష్టమేం లేదు.

ప్రశ్న: దించిన పాత కూలెంటును కాలువలో పోయొచ్చా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. దూడో కుక్కో నాకితే ప్రాణం మీదికొస్తుంది. మూతున్న డబ్బాలో పోసి, పిల్లలకు అందని చోట ఉంచి, సర్వీసుకు వెళ్లినప్పుడు పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో అడగండి. నేల మీద ఒలికింది నీళ్లు పోసి కడిగేయండి.