బాంబర్ గన్నర్ పతకాల వరుసను ఎలా చదవాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం వెనుక టరెట్‌లో, అంటే తిరిగే తుపాకీ గదిలో, కూర్చున్న గన్నర్‌కు బ్రిటన్ వారి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్, అంటే డీఎఫ్‌ఎం, వచ్చిందంటే అతడు శత్రు విమానాలను కూల్చినట్టేనా, ఆ పతకం పక్కన ఉండే నక్షత్రాలు, అంటే స్టార్ అనే పేరున్న పతకాలు, ఏం చెబుతాయి అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా సమాధానం, చాలామంది విషయంలో కాదు అనే. రెండో ప్రశ్నకు సమాధానం కొంచెం పెద్దది.

నేను ఇంగ్లండ్‌లోని లింకన్‌లో ఉంటున్నాను. యుద్ధకాలంలో లాంకాస్టర్ బాంబర్ల స్థావరాలు ఈ జిల్లా అంతటా ఉండేవి. మా పొరుగున ఉండే ఒక పెద్దావిడ తన తండ్రి పతకాలనూ కాగితాలనూ సర్దిపెట్టడానికి నా సాయం అడిగారు. ఆయన లాంకాస్టర్ వెనుక గన్నర్, సార్జెంట్, డీఎఫ్‌ఎం గ్రహీత. ఆయన లాగ్‌బుక్‌లో, అంటే ఎగిరిన వివరాలు రాసుకునే పుస్తకంలో, రాత్రి దాడులన్నీ ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. 1943 శరదృతువులో మొదలై, ఆ చలికాలమంతా బెర్లిన్ పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 1944 మార్చి 30 రాత్రి జరిగిన న్యూరెంబర్గ్ దాడి కూడా అందులో ఉంది. ఆ ఒక్క రాత్రి 95 బాంబర్లు తిరిగి రాలేదు. ఆయన పుస్తకంలో మాత్రం దానికి ఒకే ఒక్క పంక్తి, ఊరి పేరూ, గాలిలో గడిపిన గంటలూ.

ఆ లాగ్‌బుక్‌లో ఎక్కడా శత్రు విమానాన్ని కూల్చిన ప్రస్తావన లేదు. అయినా పతకం వచ్చింది. ఎందుకో అర్థం కావాలంటే గన్నర్ పని ఏమిటో తెలియాలి. లాంకాస్టర్ వెనుక టరెట్‌లో 0.303 అంగుళాల బ్రౌనింగ్ తుపాకులు నాలుగు ఉండేవి. ఎదురు వచ్చే జర్మన్ రాత్రి యుద్ధ విమానాలకు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి, వాటి గుండు చాలా దూరం నుంచే విమానాన్ని చీల్చగలదు. అందువల్ల చీకట్లో ముందుగా కాల్చి తమ ఉనికిని బయటపెట్టుకోవడం కంటే, శత్రువును ముందుగా చూసి తప్పించుకోవడమే చాలాసార్లు తెలివైన పని. గన్నర్ ఇంటర్‌కామ్‌లో కుడికో ఎడమకో కార్క్‌స్క్రూ అని అరిచిన మరుక్షణం పైలట్ విమానాన్ని ఆ వైపు కిందికి దూకించి, మెలికలు తిప్పేవాడు. పైలట్ ఆఫీసరైనా, గన్నర్ సార్జెంటైనా ఆ క్షణంలో ఆజ్ఞ గన్నర్‌దే. విమానంలోని ఏడుగురి ప్రాణాలూ ఆ ఒక్కడి కళ్ళ మీద ఆధారపడి ఉండేవి. సున్నాకు 40 డిగ్రీల దిగువకు పడిపోయే చలిలో, చూపుకు అడ్డం రాకూడదని ఎదుటి పలకను తామే తీసేయించుకుని, ఎనిమిదేసి గంటలు చీకటిని వెతుకుతూ కూర్చున్నవాళ్ళు వీళ్ళు. వెనుక గన్నర్‌కు పారాచూట్‌ను ఒంటికి కట్టుకునే చోటు కూడా ఉండేది కాదు, అది టరెట్ తలుపుల వెనుక, విమానం లోపల ఉండేది.

అందుకే డీఎఫ్‌ఎంలు రెండు దారుల్లో వచ్చేవి. ఏదో ఒక రాత్రి చేసిన సాహసానికి వెంటనే ఇచ్చేవి కొన్ని. మిగిలినవి 30 దాడుల టూర్, అంటే ఒక విడత విధి, అంతటా చూపిన స్థైర్యానికి, అది ముగిసే సమయంలో అధికారి సిఫారసు మీద ఇచ్చేవి. మా పొరుగావిడ తండ్రిది రెండో రకం. సిఫారసు పత్రంలో దాడుల సంఖ్య, గాలిలో గడిపిన గంటలు, ఆయన నిదానంగా హెచ్చరించి పైలట్‌ను దారి మళ్ళించిన తీరు ఉన్నాయి. ఆ కాగితం చదివిన తరువాతే ఆ పతకం నాకు నిజంగా అర్థమైంది.

నాకు బాధ కలిగించే విషయాలు రెండున్నాయి. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఆఫీసర్లకు, వారంట్ ఆఫీసర్లకు; డీఎఫ్‌ఎం ఆ కింది హోదాలవారికి. ఒకే విమానంలో, ఒకే రాత్రి, ఒకే ధైర్యానికి వేర్వేరు పతకాలు. యుద్ధకాలంలో క్రాస్‌లు 20,000కు పైగా ఇస్తే, డీఎఫ్‌ఎంలు సుమారు 6,600 మాత్రమే. గన్నర్లలో ఎక్కువమంది సార్జెంట్లే. ఈ విభజనను 1993లో గాని తొలగించలేదు. రెండోది, మరణించినవారికి ఈ రెండూ ఇచ్చేవారు కాదు. చనిపోయాక దక్కగలిగినవి బ్రిటన్ అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్, లేదా అధికారిక నివేదికలో పేరు ప్రస్తావన. బ్రిటిష్ వాయుసేన బాంబర్ విభాగమైన బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది మరణించారని గుర్తుంచుకుంటే, పతకం లేని ధైర్యం ఎంత ఉందో ఊహించవచ్చు.

కెనడాకు చెందిన ఆండ్రూ మైనార్‌స్కీ విషయం చూడండి. ఆయన లాంకాస్టర్ పై టరెట్ గన్నర్. 1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే దాడిలో విమానం అంటుకుంది. దూకే అవకాశం ఉండి కూడా, బిగుసుకుపోయిన వెనుక టరెట్‌లో ఇరుక్కున్న సహచరుడు పాట్ బ్రోఫీ కోసం మంటల్లోంచి పాకుతూ వెళ్ళాడు. టరెట్ కదలలేదు. బ్రోఫీయే వెళ్ళిపొమ్మని సైగ చేశాడు. ఒంటి మీద బట్టలు మండుతుండగా మైనార్‌స్కీ అతనికి సెల్యూట్ చేసి దూకాడు, కాలిన గాయాలతో మరణించాడు. విమానం కూలినా బ్రోఫీ బతికాడు. అతడు చెప్పినందువల్లనే 1946లో మైనార్‌స్కీకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. చూసినవాడు బతకకపోయి ఉంటే ఆ కథ మనకు తెలిసేదే కాదు.

ఇక నక్షత్రాలు. ఇవి సాహసానికి కాదు, ఎక్కడ, ఎప్పుడు సేవ చేశాడో చెప్పేవి. ఎయిర్ క్రూ యూరప్ స్టార్ బ్రిటన్ నుంచి యూరప్ మీదికి 1944 జూన్ 5 వరకు ఎగిరినవారిది. ఆ తరువాతి దాడులకు ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్. రెండూ కలిపి ఇవ్వరు, రెండోదానికి అర్హుడైతే మొదటిదాని రిబ్బన్ మీద ఒక పట్టీ ఉంటుంది. హైదరాబాద్ వారికి ఆసక్తి కలిగించే ఉదాహరణ ఒకటి చెబుతాను. 1918లో నిజాం సమకూర్చిన విమానాల వల్ల బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరుసటి రోజు, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకల మీద దాడి చేసిన బ్లెన్‌హైమ్ విమానాల్లో ఈ స్క్వాడ్రన్‌వీ ఉన్నాయి. అదే స్క్వాడ్రన్ తరువాత భారతదేశానికి వచ్చి, ఇద్దరే కూర్చునే వెంజెన్స్ విమానాలతో బర్మా మీద పోరాడింది. కాబట్టి అక్కడి గన్నర్ ఛాతీ మీద బర్మా స్టార్ కనిపిస్తుంది. డిఫెన్స్ మెడల్, వార్ మెడల్ సాధారణ సేవకు ఇచ్చినవే, వాటి నుంచి పెద్దగా తెలియదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రిటన్ ఇచ్చిన ఈ నక్షత్రాల మీద పేరు చెక్కరు, పైగా ఎయిర్ క్రూ యూరప్ స్టార్‌కు నకళ్ళు చాలా ఉన్నాయి. డీఎఫ్‌ఎం అంచు మీద మాత్రం సర్వీస్ నంబర్, హోదా, పేరు చెక్కి ఉంటాయి. మీ పరిశోధన ఆ అంచు నుంచి మొదలుపెట్టండి. పేరుతో బ్రిటన్ అధికారిక ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో ప్రకటన దొరుకుతుంది. తరువాత బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు ఎయిర్ 27 అనే దస్త్రాల వరుస కింద, పోరాట నివేదికలు ఎయిర్ 50 కింద, సిఫారసులు ఎయిర్ 2 కింద చూడండి. స్క్వాడ్రన్ తెలియకపోతే ముందు లాగ్‌బుక్ కోసం వెతకండి, అది చేతికొస్తే మిగిలినవన్నీ తేదీల ప్రకారం సరిపోల్చుకోవచ్చు.