ఒక్క మాట దగ్గర ఆగిపోయిన చర్చలు చదువు, ఆ మాటలు పోవు

ప్రశ్న: మేడమ్, మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీటెక్ నాలుగో సంవత్సరం, ఇంకో నాలుగు నెలల్లో జీఆర్ఈ రాయాలి. వర్డ్ లిస్టు పెట్టుకుని రోజుకు ముప్పై మాటలు బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం పోతున్నాయి, మిగిలిన సగం కూడా వాక్యంలో కనిపిస్తే గుర్తుపట్టలేకపోతున్నాను. మా సీనియర్ ఒకాయన "నెగోషియేషన్ మీద పుస్తకాలు చదువు, వొకాబులరీ దానంతటదే వస్తుంది, రేపు జీతం మాట్లాడుకోవడానికీ పనికొస్తుంది" అన్నారు. నిజమేనా? నాన్న పద్దెనిమిది వేలు కట్టి ఆన్‌లైన్ వొకాబులరీ కోర్సులో చేర్పిస్తానంటున్నారు. చేరమంటారా?

జవాబు: మీ సీనియర్ చెప్పినదాంట్లో సగం నిజం ఉందమ్మా. ఏ సగమో చెబుతాను.

నెగోషియేషన్ గురించి చదవడం మంచి ఆలోచనే. కానీ ఆ పేరుతో షాపులో అమ్మే పుస్తకాలు చదివితే పెద్ద ఇంగ్లిష్ రాదు. అవి తీరిక లేని మేనేజర్ల కోసం రాసినవి, వీలైనంత తేలిక మాటల్లో ఉంటాయి. వాటిలో 'బాట్నా' లాంటివి నేర్చుకుంటావు. బేరం తెగిపోతే మన చేతిలో మిగిలే దారుల్లో అన్నిటికన్నా మంచిది అని దానర్థం. తెలుసుకోవాల్సిన సంగతే, కానీ జీఆర్ఈ వర్బల్‌లో, అంటే ఇంగ్లిష్ భాగంలో, దాంతో పని పడదు. నువ్వు చదవాల్సింది నిజంగా జరిగిన బేరాల గురించి విలేకరులు, చరిత్రకారులు రాసినవి. దేశాల మధ్యవి, రాష్ట్రాల మధ్యవి, యూనియన్‌కీ యాజమాన్యానికీ మధ్యవి, ఏవైనా సరే.

ఎందుకంటే అక్కడ ఒక్కో మాట కోసం పెద్దవాళ్లు రాత్రంతా కూర్చుని కొట్టుకుంటారు. లిస్టులో పక్కపక్కన ఒకేలా కనిపించే రెండు మాటలకు అక్కడ తేడా పైసాతో సహా తెలుస్తుంది.

2021 నవంబర్‌లో గ్లాస్గోలో వాతావరణ సదస్సు జరిగింది, దాదాపు 200 దేశాలు వచ్చాయి. బొగ్గు కరెంటు గురించి ముసాయిదాలో 'ఫేజ్ అవుట్' అని ఉంది, అంటే మెల్లమెల్లగా పూర్తిగా ఆపేయడం. తీరా ఆమోదించే వేళకి మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ దాన్ని 'ఫేజ్ డౌన్' అని మార్చమన్నారు, అంటే మెల్లమెల్లగా తగ్గించడం. సముద్రంలో మునిగిపోతామేమోనని భయపడే చిన్న దేశాలు చాలా నొచ్చుకున్నాయి, సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ అందరికీ క్షమాపణ చెబుతూ గొంతు పూడుకుపోయి కాసేపు ఆగిపోయారు. ఎవరిది న్యాయం అన్నది వేరే సంగతి, నువ్వు చూడాల్సింది అవుట్‌కీ డౌన్‌కీ ఉన్న తేడా. అదే వాక్యంలో బొగ్గు ముందు 'అనబేటెడ్' అని ఒక మాట ఉంది. అంటే, బయటికొచ్చే కార్బన్‌ను పట్టి ఆపే ఏర్పాటేదీ లేకుండా కాల్చే బొగ్గు అని. 'అబేట్' నీ లిస్టులో మొదటి పేజీలోనే ఉండి ఉంటుంది, తగ్గు, శాంతించు అని బట్టీ పట్టి మర్చిపోయి కూడా ఉంటావు. ఇప్పుడు బొగ్గుతో, ఆ గొంతు పూడుకుపోయిన పెద్దమనిషితో కలిపి వచ్చింది, ఇక మర్చిపో చూద్దాం.

2015 డిసెంబర్ 12న పారిస్ ఒప్పందం కూడా ఇలాగే ఒక్క మాట దగ్గర ఆగింది. సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించడం గురించి ఆర్టికల్ 4లో 'షల్' అని పడింది, అమెరికా వాళ్లు గుండెలు బాదుకున్నారు, ఎందుకంటే 'షల్' అంటే చట్టప్రకారం చేసి తీరాలి, అలాగైతే వాళ్ల సెనేట్ ఆమోదం కావాలి, అది జరిగే పని కాదు. చివరికి అది టైపింగ్‌లో దొర్లిన పొరపాటు అని సభలో చదివి 'షుడ్' అని దిద్దారు, అంటే చేస్తే బాగుంటుంది అని. మనకి స్కూల్లో షల్, షుడ్ ఒకే గ్రామర్ పాఠంలో చెప్పేసి ఖాళీలు పూరించమన్నారు కదా! ఇంకా వెనక్కి వెళితే 1967 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానం ఉంది. ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమించిన ప్రాంతాల నుంచి వెనక్కి వెళ్లాలి అన్నచోట ఇంగ్లిష్ పాఠంలో 'టెరిటరీస్' ముందు 'ది' లేదు. ఆ 'ది' లేదు గనక అన్ని ప్రాంతాలూ అని అర్థం రాదని ఒక పక్షం, ఫ్రెంచి పాఠం చూడండి, అన్నీ అనే వస్తుందని ఇంకో పక్షం, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. తెలుగులో ఆర్టికల్స్ లేవు, ఎక్కడ 'ది' పెట్టాలో తెలియక నేను ఎంఏ దాకా ఇబ్బంది పడ్డాను. ఈ కథ చదివాక మాత్రం 'ది' లేని నామవాచకం కనిపిస్తే ఒక్క క్షణం ఆగుతున్నాను.

ఇంకో మంచి సంగతి, నీకు తెలుగు మీడియం అని బెంగ ఉంది చూడు, ఈ విషయంలో అది నీకు పెట్టుబడి. బేరసారాల మాటలు మన భాషలో బోలెడున్నాయి. ససేమిరా అన్నవాడు ఇంట్రాన్సిజెంట్. ఎంత బతిమాలినా మనసు కరగనివాడు ఆబ్డ్యురేట్. మొండివాడే గానీ పైవాళ్ల మాట వినని రకం మొండివాడు రికాల్సిట్రెంట్. పట్టు సడలిస్తే రిలెంట్, ఒక మెట్టు దిగితే కన్సీడ్, పూర్తిగా చేతులెత్తేస్తే కాపిచ్యులేట్. ఏ సంగతీ తేల్చకుండా నాన్చితే టెంపరైజ్, ఇటూ అటూ అతికేలా మాట్లాడి తప్పించుకుంటే ఈక్వివొకేట్. అలిగినవాళ్లను బుజ్జగిస్తే ప్లకేట్, మాలిఫై. లోపల ఇష్టం లేకపోయినా నోరెత్తకుండా ఒప్పుకోవడం అక్వియెస్. పెళ్లి మాటల్లో పెట్టుపోతల దగ్గరికొచ్చేసరికి ఆడపిల్ల తండ్రి చేసేది అదే, ఆ దృశ్యం నువ్వు ఒక్కసారైనా చూసే ఉంటావు, అందుకని దానికి వేరే అర్థం రాసుకోనక్కర్లేదు. జీఆర్ఈలో సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నకు ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండిటిని ఎంచమంటారు, అక్కడ ఇలా కుటుంబాలుగా తెలిసిన మాటలే అక్కరకొస్తాయి. ఇంట్రాన్సిజెంట్, ఆబ్డ్యురేట్ జంట కుదురుతాయి, బాస్ మాట లెక్కచేయని ఉద్యోగి గురించైతే రికాల్సిట్రెంట్‌కు వేరే జోడీ వెతుక్కోవాలి.

తెలియని మాటల కన్నా తెలుసు అనుకునే మాటలే ఎక్కువ ముంచుతాయి. 'శాంక్షన్' అంటే మన ఊళ్లో లోన్ శాంక్షనైందని స్వీట్లు పంచుతారు, వార్తల్లో ఒక దేశం మీద శాంక్షన్లు వేశారంటే అవి ఆంక్షలు. అదే మాట అనుమతి, అదే మాట శిక్ష. 'క్వాలిఫైడ్' అనగానే మనకి ఎంసెట్ క్వాలిఫై అయినట్టే వినిపిస్తుంది, కానీ ఒక నాయకుడు చర్చలకు 'క్వాలిఫైడ్ సపోర్ట్' ఇచ్చాడంటే షరతులు పెట్టి అరకొరగా ఇచ్చాడని. ఈ ఒక్క మాటకు ఏటా నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది పడిపోతారు. 'టేబుల్' మరీ విచిత్రం. బ్రిటిష్ వాళ్లకూ మనకూ బిల్లు టేబుల్ చేయడం అంటే సభ ముందు పెట్టడం, అమెరికా వాళ్లకు దాన్ని పక్కన పెట్టేయడం. నీ పరీక్ష అమెరికా వాళ్లది, గుర్తుంచుకో. ఇక 'సెటిల్‌మెంట్' అంటే మన దగ్గర భూముల గొడవల్లో దూరే ఒక తరహా మనుషులు గుర్తొస్తారు, ఇంగ్లిష్‌లో అది పాపం చాలా మర్యాదైన మాట, గొడవ తేల్చుకుని ఒప్పందానికి రావడం.

విదేశాల గొడవలు బోరు కొడితే మన కృష్ణా నీళ్లతోనే మొదలుపెట్టు, గుంటూరు జిల్లా పక్క పుట్టినదానివి, నీకు సగం కథ ఇంట్లోనే తెలిసి ఉంటుంది. బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలు. రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికంగా ఏపీకి 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నారు, అప్పటినుంచి పేచీ నడుస్తూనే ఉంది. ఇంగ్లిష్ పేపర్లలో ఈ వార్త తెరిస్తే ఇంటరిమ్ (మధ్యంతరం), యాడ్ హాక్ (అప్పటికప్పుడు చేసిన సర్దుబాటు), యూనిలాటరల్ (ఏకపక్షం), రైపేరియన్ (నది ఒడ్డున ఉన్న), ఇనీక్విటబుల్ అన్నీ ఎదురొస్తాయి. ఇందులో ఆఖరిది చూడు. 512, 299 సమానం కాదు, అంటే 'అనీక్వల్', అది చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ అది 'ఇనీక్విటబుల్', అంటే అన్యాయమైన పంపకమా కాదా అన్నదే అసలు గొడవ. ఒక పేపర్ విజయవాడ ఎడిషనూ హైదరాబాద్ ఎడిషనూ ఒకే రోజువి పక్కపక్కన పెట్టుకుని చదువు. ఇక్కడివాళ్లు హక్కు అన్నదాన్ని అక్కడివాళ్లు ఏమంటున్నారో, ఎవరు 'క్లెయిమ్డ్' అన్నారో, ఎవరు 'అలెజ్డ్' అన్నారో గమనించు. అవతలివాడి మాట మీద నమ్మకం లేదని రాసేవాడు బయటికి చెప్పకుండా చెప్పే పద్ధతులవి, రీడింగ్ కాంప్రహెన్షన్‌లో రచయిత ధోరణి ఏమిటని అడిగేది వీటి మీదే.

ఎలా చదవాలి అంటే, ఒక్కో గొడవకు పది పన్నెండు రోజులు ఇవ్వు. అదే గొడవ మీద వార్త, సంపాదకీయం, పెద్ద వ్యాసం, ఇలా నాలుగైదు. గొడవ మారిస్తే మాటలు మారిపోతాయి, మారకపోతే అవే మాటలు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోకు, పెన్సిల్‌తో గీత గీసి ముందుకెళ్లు, కథ తెలిసిపోయింది గనక సగం అర్థాలు అక్కడే తేలతాయి. రెండోసారి డిక్షనరీ. నోట్‌బుక్‌లో మాట, అర్థం అని రెండు గళ్లు గీయకు, దయచేసి. మొత్తం వాక్యం ఎత్తి రాయి, ఎవరు ఎవరిని అన్నారో రాయి, పక్కన మీ ఊళ్లో దానికి ఏమంటారో ఒక్క తెలుగు మాట రాయి. మర్నాడు ఆ మాటల్లో ఐదింటిని తీసుకుని అవతలి పక్షం నోటితో నాలుగు వాక్యాలు రాయి, నువ్వు ఏపీ పక్షమైతే తెలంగాణ అధికారిలా రాయి. కోపం వస్తుంది, ఫరవాలేదు, కోపంతో రాసిన మాట కూడా బాగా గుర్తుంటుంది.

ఈ పద్ధతితో అన్నీ రావు, అదీ చెప్పాలి. 'ఎఫెమెరల్', 'లూసిడ్', 'గారులస్' లాంటివి నీళ్ల పంపకంలో దొరకవు. అందుకని వర్డ్ లిస్టు పారేయకు, రోజుకు ఇరవై నిమిషాలు దానికుంచు, ముప్పై మాటలు పదికి తగ్గించు. రెండున్నర నెలలు ఇలా నడిపి మిగతా కాలం మాక్ టెస్టులకు పెట్టుకో. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష చిన్నదైంది, వర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. ఆగి ఆలోచించే టైం లేదు.

జీతం మాట్లాడుకోవడానికి పనికొస్తుందన్నాడు కదా మీ సీనియర్, అక్కడ మాత్రం జాగ్రత్త. హెచ్ఆర్ వాళ్లకు మెయిల్ రాస్తూ ఈ మాటలు గుమ్మరిస్తే చదివేవాడికి నవ్వొస్తుంది. పోయినేడు ఒక కుర్రాడు, ఆఫర్ వచ్చిన కంపెనీకి "మీ వైఖరి ఇంట్రాన్సిజెంట్‌గా ఉంది" అని రాసి నాకు ఫార్వర్డ్ చేశాడు, బాగుందా మేడమ్ అని! కంపెనీ నుంచి మళ్లీ జవాబు రాలేదు. అక్కడ 'ఫ్లెక్సిబిలిటీ ఏమైనా ఉందా' అని మర్యాదగా అడిగే ఇంగ్లిష్ చాలు, దాంతో పాటు చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే ఇంకా మంచిది, అదే ఇందాక చెప్పిన బాట్నా.

కోర్సు సంగతి. ఇప్పుడే డబ్బు కట్టొద్దని నాన్నగారితో చెప్పు. జీఆర్ఈ పెట్టే ఈటీఎస్ వాళ్లే పవర్‌ప్రెప్ అని ఉచిత టెస్టులు ఇస్తారు, ఈ ఆదివారం ఒకటి రాయి, టైం పెట్టుకుని, మధ్యలో లేవకుండా. తర్వాత వర్బల్‌లో పోయిన ప్రశ్నలు ఒక్కొక్కటీ చూసి మూడు కుప్పలు చెయ్యి. మాట అసలు తెలియక పోయినవి, మాట తెలిసీ వాక్యం పట్టుకోలేక పోయినవి, టైం చాలక పోయినవి. మొదటి కుప్పే పెద్దదైతే రెండు నెలలు చదివాక కోర్సు గురించి ఆలోచిద్దాం. రెండో కుప్ప పెద్దదైతే, నీ ఉత్తరం చూస్తే అదే అనిపిస్తోంది, పద్దెనిమిది వేలు కట్టినా ఇంకో లిస్టే ఇస్తారు. ఆ లెక్క ఏమైందో నాకు రాయి. నాన్నగారు ససేమిరా అంటే నంబర్ పంపమను, నేను మాట్లాడతాను.